కోరం

మూడో శుక్రవారం, మధ్యాహ్నం మూడు.
పులియంతోపులో కార్పొరేషన్ తెలుగు బడి.
కమిటీకి ఇరవై మంది ఉండాలట.
వచ్చింది ఆరుగురు.
అందులో ఇద్దరు
వాన తప్పించుకుందామని లోపలికొచ్చినవాళ్ళు.
వాళ్ళనీ కూర్చోబెట్టాం.

నేను అధ్యక్షురాలిని.
నవ్వకండి.
తెల్లారుజాము దాకా బేసిన్ బ్రిడ్జి రోడ్డు ఊడ్చి
చేతులకి గ్లవ్స్ వాసన పోకముందే
నడిమి కుర్చీలో కూర్చుంటాను.
ఏసమ్మ. మూడక్షరాలు.
ఈ కుర్చీ కోసమే నేర్చుకున్నాను,
మా కెజియా పలక మీద దిద్దించింది,
'మ' కింద మావొత్తు ఇప్పటికీ తోకలా జారిపోతుంది.

మొదట లెక్కలు.
ఏడాది గ్రాంటు మార్చి ఇరవై ఎనిమిదిన వచ్చింది.
ముప్పై ఒకటిలోగా ఖర్చు కాకపోతే
వచ్చిన దారినే పోతుందట.
మూడు రోజుల్లో ఏం కొంటాం?
పైకప్పు బాగుచేసే మేస్త్రీ వారం అడిగాడు.
రెండు బీరువాలు కొన్నాం.
లోపల పెట్టడానికేమీ లేదు,
పైన మాత్రం కారే చోటికి సరిగ్గా
బకెట్టు పెట్టుకోవచ్చు.

తర్వాత ఫలితాలు.
పదో తరగతి ఈ ఏడు వంద శాతం.
రాసింది అబ్నేరు ఒక్కడే.
పోయినేడు ఇద్దరు రాస్తే ఒకడు తప్పాడు.
సగం బడి ఎందుకు తప్పిందో సంజాయిషీ ఇమ్మని
జోన్ ఆఫీసు నుంచి తాఖీదు.
ఈ ఏడు అదే ఆఫీసు శాలువా పంపింది.
లెక్కల మాస్టారి పోస్టు మాత్రం
మూడేళ్ళుగా ఖాళీ;
తెలుగు టీచరే ఎక్కాలు పద్యాల్లా చెప్పిస్తుంది,
పదమూడో ఎక్కం దగ్గర
ఆమెకే రాగం తప్పుతుంది.

మొత్తం పిల్లలు నలభై ఒకరు.
తగ్గితే పక్క బడిలో కలిపేస్తారు.
అందుకే పోయిన నెల
క్వార్టర్స్‌లో ఇంటింటికీ తిరిగాను.
ఉచితంగా పుస్తకాలు, బట్టలు, పొద్దున ఉప్మా, మధ్యాహ్నం గుడ్డు,
అన్నీ చెప్పాను.
మూడో అంతస్తులో నాగరత్నం
బియ్యం ఏరుతూ తలెత్తకుండా అడిగింది,
"నీ చిన్నోడు ఏ బళ్ళో, అక్కా?"

మెట్లు దిగొచ్చేశాను.

వాడు పెరంబూరులో. ఇంగ్లీషు మీడియం.
వడ్డీకి తెచ్చిన టై.
అక్కడ నాకు కుర్చీ ఉండదు.
గేటు సందులోంచి రసీదు ఇస్తారు,
బడి ఎలా నడుస్తోందని నేనడగను,
వాళ్ళు నాకు చెప్పరు.
వాడేమో ఇంటికొచ్చి వానా, వానా అనడు,
రెయిన్ అంటాడు,
ఒళ్ళంతా అవే చినుకులు.

రిజిస్టరు వచ్చింది, సంతకానికి.
తమిళంలో రాసింది. నాకు మాట వచ్చు, రాత రాదు.
"చదవవే" అన్నాను కెజియాని.
ఎనిమిదో తరగతి గొంతుతో గబగబా చదివి
ఒక చోట ఆగింది:
మరుగుదొడ్లు కడిగే మనిషికి
నెలకు మూడు వేలు, చెల్లించబడినది.

"ఎవరమ్మా ఆ మనిషి?"
హెడ్మిస్ట్రెస్ అముదవల్లి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.
సోమవారం పొద్దున చీపురు నాది,
ఫినాయిల్ ఆవిడది, ఆవిడ జీతంలోంచి.
ఊరు కడిగే వాళ్ళ పిల్లల బడికి
కడిగే మనిషి కాగితం మీద ఉన్నాడు.

"డబ్బు రాలేదని రాయండి."
"ఆడిట్ వాళ్ళు అడుగుతారమ్మా..."
"అడగనివ్వండి."
ఆవిడ పెన్ను మూత పెట్టేశారు.
నేను దాన్ని తీసి కెజియా చేతికిచ్చాను.
తమిళం వరుసల అడుగున
తెలుగులో ఒకే వాక్యం రాసింది,
కాస్త వంకరగా.

దాని కింద మూడక్షరాలు.
మావొత్తు ఈసారీ జారింది.

వాన వెలిసింది. ఆ ఇద్దరూ లేచి
సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయారు.
నలుగురమే మిగిలాం, లెక్కకి చాలం.
రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేశాను.
పైన బకెట్టులో చప్పుడు
ఇంకా ఆగలేదు.